కడప మీదుగా వెళ్ళిన నీడ

1977 మార్చి 11, అర్ధరాత్రి దాటి రెండు గంటల ప్రాంతం. కర్నూలు, కడప జిల్లాల మీదుగా ఒక నీడ వెళ్ళింది.

ఎవరూ చూడలేదు. కంటికి ఆనే నీడ కాదది. ఎండలు ముదురుతున్న రోజులు. మిద్దె మీద పక్కలు వేసుకోవడం మొదలుపెట్టినవాళ్ళు మంచి నిద్రలో ఉండుంటారు. ఎమర్జెన్సీ ఇంకా ఎత్తేయలేదు గానీ ఎన్నికలు వచ్చేశాయి. మార్చి 16 నుంచి 20 దాకా పోలింగ్. నంద్యాలలో జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డి నిలబడ్డారు. రాష్ట్రంలో 42 సీట్లుంటే 41 కాంగ్రెస్‌కే పోతాయని, ఆ మిగిలిన ఒక్కటీ నంద్యాలే అవుతుందని, జూలైకల్లా ఆయన రాష్ట్రపతి అవుతారని ఆ రాత్రికి ఎవరికీ తెలీదు. ఆ హడావిడిలో ఆకాశం వైపు చూసే తీరికా, అవసరమూ ఎవరికుంటాయి?

చూసినా ఏమీ కనిపించేది కాదు. తులారాశిలో ఒక మసక చుక్క. మామూలు కంటికి అందే అతి మసక నక్షత్రం కన్నా పది రెట్లకు పైగా మసకది. నక్షత్రాల పట్టికలో దాని పేరు ఎస్.ఎ.ఓ. 158687. ఆ చుక్కకీ మనకీ మధ్య, ఇక్కడికి సుమారు 270 కోట్ల కిలోమీటర్ల దూరంలో, యురేనస్ గ్రహం నడుస్తోంది. దాని చుట్టూ ఉన్న సన్నని వలయాలు ఒకటొకటిగా ఆ చుక్కకు అడ్డం వచ్చి పోయాయి. వచ్చినప్పుడల్లా చుక్క కొద్ది సెకన్లో, అంతకన్నా తక్కువో మసకబారి మళ్ళీ వెలిగింది. భూమ్మీద అదే నీడ. యురేనస్‌కి వలయాలున్నాయని అప్పటిదాకా మనిషికి తెలియదు. ఆ రాత్రి తెలిసింది.

కడప మీదుగా వెళ్ళిందని అంత నమ్మకంగా ఎలా చెప్తున్నానంటే, దానికి రెండు సాక్ష్యాలున్నాయి. ఒకటి నైనితాల్. అక్కడ మహరా, గుప్తా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ చుక్క మసకబారడం నమోదు చేశారు. రెండోది కావలూరు. నెల్లూరు జిల్లా కావలి కాదు. తమిళనాడులో, వాణియంబాడి దగ్గర, జవ్వాది కొండల్లో ఉన్న చిన్న ఊరు. అక్కడి టెలిస్కోపులోనూ చుక్క మసకబారింది. ఈ రెండు ఊళ్ళ మధ్య దాదాపు 1,900 కిలోమీటర్లు. రెండు చోట్లా పడిన నీడ మధ్యలో ఉన్న కర్నూలునీ కడపనీ వదిలేసి దూకి పోదు కదా.

ఇంకో సంగతి. మ్యాపులో కడప మీద వేలు పెట్టి, అటూ ఇటూ పోకుండా తిన్నగా దక్షిణానికి గీత గీయండి. సుమారు 210 కిలోమీటర్ల తర్వాత ఆ గీత కావలూరుకు చేరుతుంది. రెండు ఊళ్ళదీ ఒకటే రేఖాంశం, 78 డిగ్రీల 49 నిమిషాల తూర్పు. కడపలో ఒక చుక్క నడినెత్తి గీత దాటే క్షణానికే కావలూరులోనూ దాటుతుంది. కావలూరు అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడేదాకా ఆ ఉత్తర ఆర్కాటుకు ముఖ్యపట్టణం చిత్తూరే. అంటే ఈ కథ మరీ దూరపు చుట్టానిదేమీ కాదు.

*

కావలూరులో టెలిస్కోపు పెట్టించిన మనిషి హైదరాబాదులో పెరిగినవాడు. పేరు వేణు బాప్పు. కేరళ మూలాలున్న కుటుంబం, పుట్టింది 1927లో మద్రాసులో. తండ్రి హైదరాబాదులోని నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు. బాప్పు చదివింది నిజాం కాలేజీలో. 1949లో హైదరాబాద్ ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద హార్వర్డ్ వెళ్ళాడు. వెళ్ళిన ఏడాదే ఒక కొత్త తోకచుక్కను పట్టాడు. బార్ట్ బాక్, గోర్డన్ న్యూకిర్క్‌లతో పాటు అతని పేరూ ఆ తోకచుక్కకు పెట్టారు.

చాలామంది లాగా అక్కడే ఉండిపోకుండా 1953లో తిరిగొచ్చాడు. నైనితాల్ అబ్జర్వేటరీని నిలబెట్టాడు. 1960లో కొడైకెనాల్ అబ్జర్వేటరీకి డైరెక్టరయ్యాడు. అది సూర్యుణ్ణి చూడ్డానికి మంచి చోటే గానీ రాత్రి ఆకాశానికి అంత అనువైనది కాదు. దక్షిణాన, ఊళ్ళ దీపాలకు దూరంగా, చుక్కలు నిలకడగా కనిపించే చోటు కావాలి. వెతికి వెతికి కావలూరు దగ్గర ఆగాడు. 1968లో సొంతంగా తయారు చేసుకున్న 38 సెంటీమీటర్ల టెలిస్కోపుతో అక్కడ పని మొదలైంది. 1972లో జర్మనీ నుంచి కార్ల్ జైస్ కంపెనీ వారి 102 సెంటీమీటర్ల టెలిస్కోపు వచ్చింది.

వచ్చిన ఏడాదే, జూన్ 7న, అది ఒక పెద్ద పనికి అక్కరకొచ్చింది. గురుగ్రహపు ఉపగ్రహం గానిమీడ్ ఒక నక్షత్రాన్ని కప్పింది. దాన్ని కావలూరులోనూ, ఇండోనేషియాలోని లెంబాంగ్‌లోనూ చూశారు. కప్పినప్పుడు చుక్క ఎంత ఠక్కున ఆరిందీ, ఎంత నెమ్మదిగా ఆరిందీ చూసి గానిమీడ్ చుట్టూ పలచని వాతావరణం ఉందేమో అంచనా వేశారు. దూరపు వస్తువు గురించి, అది దేన్ని దాస్తోందో చూసి తెలుసుకోవడం. ఇంగ్లీషులో దీన్ని అకల్టేషన్ అంటారు. మనం 'మరుగు' అనుకుందాం. 1977 నాటికి కావలూరు వాళ్ళకు ఈ మరుగు విద్య కొత్త కాదు. ఇంకో విషయం గమనించండి. ఆ రాత్రి మన దేశంలో వలయాల నీడను పట్టిన రెండు చోట్లూ, నైనితాల్, కావలూరు, బాప్పు చేతి మీదుగా లేచినవే.

*

కడప జిల్లా వాళ్ళకు కాలజ్ఞానం అనే మాట గురించి చెప్పక్కర్లేదు. బ్రహ్మంగారి మఠం అక్కడే. ఏం జరిగినా "బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు" అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఖగోళశాస్త్రం చెప్పే జోస్యానికి ఒక తేడా ఉంది: రోజూ, గంటా, చోటూ ముందే రాసిపెడుతుంది, తప్పితే తప్పిందని ఒప్పుకుంటుంది. గ్రీనిచ్ రాయల్ అబ్జర్వేటరీలో గోర్డన్ టేలర్ అనే ఆయన 1973లోనే లెక్క కట్టి చెప్పాడు, 1977 మార్చి 10న యురేనస్ ఆ చుక్కకు అడ్డం వస్తుందని. గ్రీనిచ్ కాలం ప్రకారం 10. మనకు అప్పటికి 11 వచ్చేసింది. ఎక్కడ కనిపిస్తుందో మాత్రం కచ్చితంగా తేల్చలేకపోయారు. గ్రహం నీడ ఉత్తరపు అంచు హిందూ మహాసముద్రం దక్షిణాన ఎక్కడో ఉంటుందని తెలుసు గానీ, ఎంత దక్షిణాన అన్నది తేలలేదు.

అందుకే అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీకి చెందిన జేమ్స్ ఇలియట్, ఎడ్వర్డ్ డన్‌హామ్, డగ్లస్ మింక్ నేల మీద టెలిస్కోపును నమ్ముకోలేదు. నాసా దగ్గర ఒక ఎగిరే అబ్జర్వేటరీ ఉండేది. మిలిటరీ సరుకుల విమానం ఒకదానికి పక్కన తలుపు తీసి, అందులో 91 సెంటీమీటర్ల టెలిస్కోపు బిగించారు. కైపర్ అబ్జర్వేటరీ అని దాని పేరు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి లేచి, సముద్రం మీద బాగా దక్షిణానికి పోయి, నీడ కోసం కాచుకున్నారు.

వాళ్ళు వచ్చింది వలయాల కోసం కాదు. గ్రహం చుక్కను కప్పేటప్పుడు యురేనస్ వాతావరణాన్ని కొలవాలని. లెక్కలో తేడా ఉండొచ్చన్న జాగ్రత్తతో అనుకున్న సమయానికి చాలా ముందే రికార్డింగ్ మొదలుపెట్టారు. గ్రహం అడ్డం రావడానికి ఇంకా అరగంటకు పైగా ఉండగానే కాగితం మీద పెన్ను ఒక్కసారి కిందికి పడి మళ్ళీ లేచింది. మొదట మబ్బేమో అనుకున్నారు, టెలిస్కోపు కదిలిందేమో అనుకున్నారు. పెన్ను మళ్ళీ పడింది. అలా ఐదు సార్లు. తర్వాత గ్రహం వచ్చింది, చుక్క దాని వెనక్కి వెళ్ళింది, బయటికొచ్చింది. బయటికొచ్చాక కూడా పెన్ను మళ్ళీ కొన్ని సార్లు పడింది.

విమానంలో ఉన్నప్పుడు వాళ్ళకు తోచింది చిన్న చిన్న ఉపగ్రహాలని. వలయాలని కాదు. తిరిగొచ్చి ఆ చార్టు కాగితాన్ని తీరిగ్గా కొలిచాక గానీ అసలు సంగతి బోధపడలేదు. గ్రహానికి అటు ఎంత దూరంలో పెన్ను పడిందో ఇటూ దాదాపు అంతే దూరంలో పడింది. ఉపగ్రహం ఒక పక్కనే ఉంటుంది. రెండు పక్కలా సమానంగా ఉండేది వలయమే.

*

ఇక కావలూరు సంగతి. గ్రహం నీడ కావలూరు మీద పడలేదు. పెర్త్‌కే అందలేదంటే కావలూరుకు అసలు ఆశే లేదు. కానీ వలయాలు గ్రహం కన్నా చాలా వెడల్పుగా పరుచుకుని ఉంటాయి. యురేనస్ వ్యాసార్ధం సుమారు 25,600 కిలోమీటర్లు. ఆ రాత్రి పట్టుబడిన వలయాల్లో బయటిది గ్రహం నడిబొడ్డు నుంచి 51,000 కిలోమీటర్ల దూరంలో ఉంది. గ్రహం తప్పిపోయిన ఊళ్ళకు కూడా వలయాలు దొరికాయి. పెర్త్‌కు దొరికాయి, కేప్‌టౌన్‌కు దొరికాయి, నైనితాల్‌కు, కావలూరుకు దొరికాయి. కడపకూ దొరికాయి, కాకపోతే పట్టుకునే పరికరం లేదు.

కావలూరులో టెలిస్కోపు దగ్గర ఉన్నది జె.సి. భట్టాచార్య, కె. కుప్పుస్వామి. వాళ్ళ రికార్డులో చుక్క కొన్ని సెకన్ల పాటు స్పష్టంగా మసకబారింది. దాన్ని వాళ్ళు ఎలా అర్థం చేసుకున్నారన్నది దాచుకోవాల్సిన విషయమేమీ కాదు. ఎందుకంటే అచ్చులో ఉంది. 1977 మే 26 నాటి నేచర్ పత్రికలో వరసగా మూడు చిన్న వ్యాసాలొచ్చాయి. మొదటిది ఇలియట్ బృందానిది, యురేనస్ వలయాలు అని. రెండోది పెర్త్‌లో చూసిన రాబర్ట్ మిల్లిస్ బృందానిది, అదీ వలయాలనే. మూడోది కావలూరు వాళ్ళది. దాని శీర్షిక: యురేనస్‌కు ఒక కొత్త ఉపగ్రహం.

ఒకే చుక్క, ఒకే రాత్రి, ఒకే నీడ. ఇద్దరు వలయమన్నారు, ఒకరు ఉపగ్రహమన్నారు.

ఇది చదివి నవ్వుకోవడం తేలిక. కానీ కాసేపు కావలూరు కుర్చీలో కూర్చుని చూడండి. మీ దగ్గర ఉన్నది మీ ఒక్క చోటి రికార్డు. అందులో కొట్టొచ్చినట్టు కనిపించేది ఒక మసక. గ్రహం వెనక్కి చుక్క పోనే లేదు కాబట్టి 'ఇదిగో నడిమధ్య' అని చూపించే గుర్తు కూడా లేదు. అప్పటికి సౌరకుటుంబంలో వలయాలున్నది ఒక్క శనికే. ఉపగ్రహాలా, యురేనస్‌కే ఐదు ఉన్నాయి. విమానంలో ఉన్నవాళ్ళకు కూడా మొదట తోచింది అదే. ఒక్కచోట నుంచి చూస్తే ఉపగ్రహమన్నది తప్పుడు బుద్ధితో చేసిన ఊహేమీ కాదు.

అది నిలబడనిది ఎక్కడంటే, పక్కవాళ్ళ రికార్డు పక్కన పెట్టినప్పుడు. వంద కిలోమీటర్ల ఉపగ్రహానికి వంద కిలోమీటర్ల నీడే పడుతుంది. అది కావలూరు మీద పడితే నైనితాల్‌లో పడదు, దక్షిణాన సముద్రం మీద విమానంలో అసలే పడదు. అన్ని చోట్లా పడిందంటే అడ్డం వచ్చింది గుండు కాదు, చాలా పొడవైన గీత. ఆ మాట చెప్పడానికి విమానం ఒక్కటీ చాలదు, కావలూరు ఒక్కటీ చాలదు. వేల కిలోమీటర్ల ఎడంలో ఉన్నవాళ్ళు అదే క్షణాల్లో అదే చూశారన్నదే రుజువు. కావలూరు వాళ్ళు తమ గీతను తప్పు చదివారు గానీ, గీత మాత్రం నిజం గీసింది.

ఆ ఏడాది డిసెంబరులోపే భట్టాచార్య, బాప్పు కలిసి తమ పాత రికార్డును మళ్ళీ తవ్వి చూశారు. నేచర్‌లోనే ఇంకో వ్యాసం రాశారు. ఈసారి వలయాలనే రాశారు, శనికి ఉన్నలాంటి వలయ వ్యవస్థ అని. శీర్షికలోనే ఉన్న ఆ శని పోలిక మాత్రం తర్వాత నిలవలేదు. యురేనస్ వలయాలు శని వలయాల్లాంటివి కావు. ఎలా కావో చూద్దాం.

*

శని వలయాలంటే వెడల్పాటి పళ్ళెం. మంచు ముక్కలు కాబట్టి తళతళలాడతాయి. చిన్న టెలిస్కోపుకే అందుతాయి. యురేనస్‌వి సన్నని దారాలు. 1977 లెక్కల్లో తేలినవి తొమ్మిది. చాలావాటి వెడల్పు పది, పన్నెండు కిలోమీటర్లకు మించదు; కొన్ని రెండు మూడు కిలోమీటర్లే. బయట ఉన్న ఎప్సిలాన్ వలయం అన్నిట్లోకీ పెద్దది. దాని వెడల్పు చోటును బట్టి మారుతుంది. గ్రహానికి దగ్గరగా ఉన్న వైపు 20 కిలోమీటర్లు, దూరంగా ఉన్న వైపు 96 దాకా. అది గుండ్రంగా కాక కొద్దిగా కోలగా ఉండటం వల్ల వచ్చిన తేడా ఇది. చుట్టుకొలత మాత్రం మూడు లక్షల ఇరవై వేల కిలోమీటర్లు.

ఇంత సన్నని దాన్ని ఇంత దూరం నుంచి నేరుగా చూడటం ఎలాంటిదంటే, కర్నూల్లో కూర్చుని ముంబైలో ఉన్న రూపాయి బిళ్లను చూడటం లాంటిది. ఏ టెలిస్కోపుకీ అప్పట్లో అది సాధ్యం కాదు. విలియం హెర్షెల్ 1781 మార్చి 13న యురేనస్‌ను కనిపెట్టాడు. 1789లో దాని చుట్టూ వలయం ఉందేమోనని అనుమానపడి రాసుకున్నాడు కూడా. తర్వాత తనే ఆ అనుమానాన్ని వదులుకున్నాడు. ఆయన చూసింది ఈ వలయాలు కావడానికి వీల్లేదనేవాళ్ళే ఎక్కువ. ఏదేమైనా, గ్రహం దొరికాక వలయాలు దొరకడానికి మూడు రోజులు తక్కువ 196 ఏళ్ళు పట్టింది.

సన్నగా ఉండటం ఒక్కటే కారణం కాదు. అవి నల్లగా ఉంటాయి. మన ప్రాంతపు ఇళ్ళల్లో కడప బండ తెలియనివాళ్ళుండరు. బేతంచెర్ల నుంచీ, జమ్మలమడుగు వైపు గనుల నుంచీ లారీల్లో పోయి ఊరూరా గచ్చులైన నల్ల సున్నపురాయి. హైదరాబాద్ అపార్టుమెంట్లలో కూడా వంటగది అలమరల్లో అరలుగా ఉంటుంది, చూడండి. యురేనస్ వలయాల ముందు ఆ బండ కూడా తెల్లదే. తమ మీద పడిన వెలుతురులో వలయాలు తిప్పి పంపేది వందకు రెండు పాళ్ళు. బొగ్గు నలుపు. వాటిలో నీటి మంచు ఉన్నా, దాంతో కలిసిన కర్బన పదార్థాలు గ్రహపు అయస్కాంత క్షేత్రంలో చిక్కుకున్న కణాల దెబ్బకు మాడి నల్లబడ్డాయని శాస్త్రవేత్తల అంచనా.

కాబట్టి వెలుగులో చూడాలనుకుంటే అవి దొరకవు. దేన్ని దాస్తున్నాయో చూస్తేనే దొరుకుతాయి. నల్లదనం వల్ల వాటిని చూడలేకపోయాం. అడ్డం రావడానికి మాత్రం నల్లదనం ఏమీ ఆటంకం కాలేదు.

వయసు విషయంలోనూ కడపదే పైచేయి. కడప, కర్నూలు రాతి పొరల మీద విలియం కింగ్ 1872లో పెద్ద గ్రంథమే రాశాడు. అప్పట్నుంచీ భూగర్భశాస్త్రంలో ఈ రెండు ఊళ్ళ పేర్లు రాళ్ళ పేర్లయ్యాయి. పులివెందుల దగ్గర రాతి పొరల మధ్యకు చొచ్చుకొచ్చి గడ్డకట్టిన శిలాద్రవపు పొర వయసు సుమారు 188 కోట్ల ఏళ్ళు. యురేనస్ వలయాల వయసు 60 కోట్ల ఏళ్ళు మించకపోవచ్చునని లెక్క. ఏవో ఉపగ్రహాలు ఒకదాన్నొకటి గుద్దుకుని పొడి అయితే పుట్టినవి అయ్యుండాలి. అంటే పులివెందుల రాయి గట్టిపడే నాటికి ఆకాశంలో ఈ వలయాలు ఇంకా పుట్టనే లేదన్నమాట.

మరి గుద్దుకుని పుట్టిన ముక్కలు చెదిరిపోకుండా దారంలా ఎలా నిలిచాయి? ఈ ప్రశ్న 1977లోనే వచ్చింది. 1979లో పీటర్ గోల్డ్‌రైక్, స్కాట్ ట్రెమైన్ ఒక జవాబు చెప్పారు. వలయానికి లోపల ఒకటి, బయట ఒకటి చిన్న ఉపగ్రహాలు తిరుగుతుంటే, వాటి ఆకర్షణ ముక్కల్ని అటూ ఇటూ పోనివ్వదని. ఇంగ్లీషులో వాటికి గొర్రెల కాపరుల పేరే పెట్టారు. రాయలసీమలో రోడ్డు మీద మందకు అటొకరూ ఇటొకరూ కాపరులు నడవడం చూసినవాళ్ళకు ఇది వివరించక్కర్లేదు. 1986 జనవరి 24న వాయేజర్-2 యురేనస్ పక్కనుంచి పోయినప్పుడు ఎప్సిలాన్ వలయానికి అటూ ఇటూ ఇద్దరు కాపరులూ కనిపించారు: కార్డీలియా, ఒఫీలియా. మిగతా వలయాలకు చాలావాటికి కాపరులు ఇప్పటికీ దొరకలేదు. ఆ దారాలు ఎలా నిలిచాయో తేలని లెక్కే.

వాయేజర్ ఇంకో రెండు వలయాల్ని పట్టింది. అది గ్రహాన్ని దాటి పోయి వెనక్కి తిరిగి సూర్యుడికి ఎదురుగా చూసినప్పుడు, తెలిసిన వలయాల మధ్య ఖాళీ అనుకున్న చోటంతా సన్నని దుమ్ము చారలు మెరిశాయి. కిటికీలోంచి ఎండ పడినప్పుడు గదిలో దుమ్ము కనిపించినట్టు. అయినా అది దుమ్మే. ప్రధాన వలయాల్లో ఉన్నవి ఎక్కువగా జానెడు నుంచి ఇంటంత దాకా, అంటే 20 సెంటీమీటర్ల నుంచి 20 మీటర్ల దాకా ఉండే ముక్కలు. తర్వాత హబుల్ టెలిస్కోపు 2003-05 మధ్య తీసిన బొమ్మల్లో ఇంకా దూరాన రెండు పలచని వలయాలు దొరికాయి. మొత్తం 13. 2023లో విడుదలైన జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఫొటోలో వాటిలో 11 ఒకేసారి కనిపిస్తాయి. ఇన్‌ఫ్రారెడ్‌లో అవి తెల్లగా వెలుగుతూ ఉంటాయి. ఆ ఫొటో చూసినవాళ్ళెవరూ ఇవి బొగ్గంత నల్లనివని అనుకోరు.

*

ఈ వలయాల్ని ఎవరు కనుక్కున్నారు?

దీనికి మనదగ్గర రెండు కథలు తిరుగుతుంటాయి. ఒకటి, ఫోన్లలో ఫార్వర్డ్ అయ్యేది: కనుక్కున్నది మనవాళ్ళే, తెల్లవాళ్ళు పేరు కొట్టేశారు. రెండోది, ఇంగ్లీషు పుస్తకాల్లో ఉండేది: విమానం, ఇలియట్, ఐదు మసకలు, అంతే. కావలూరు పేరు ఫుట్‌నోట్‌లో కూడా ఉండదు.

మొదటి కథ చెప్పేవాళ్ళకు నేచర్‌లోని ఆ మూడో శీర్షిక చూపించాలి. మనవాళ్ళు ముందు రాసింది ఉపగ్రహమని. దాన్ని దాచిపెట్టి గొప్ప చెప్పుకుంటే, ఏడాది తిరక్కుండా తమ రికార్డును తామే మళ్ళీ తిరగేసి అచ్చులో దిద్దుకున్న భట్టాచార్య, బాప్పుల నిజాయితీని కూడా దాచేసినట్టే. నా దృష్టిలో ఆ దిద్దుబాటు ఆ మొదటి రాత్రి కన్నా తక్కువదేమీ కాదు.

రెండో కథ చెప్పేవాళ్ళకు అదే నేచర్ సంచికలో ఆ వ్యాసం అసలు ఉందని చూపించాలి. వలయమన్నది ఒక్కచోట నుంచి కనుక్కునే వస్తువు కాదు. ఇలియట్ బృందం ముందు అర్థం చేసుకుంది, స్పష్టంగా చెప్పింది, ఆ పేరు వాళ్ళకు న్యాయంగానే దక్కింది. కానీ ఆ రాత్రి ఆసియా మీద పడిన నీడకు సాక్ష్యం నైనితాల్, కావలూరు.

వలయాల పేర్లు చూస్తే ఈ చరిత్ర ఇంకా అక్కడే ఉంది. లోపలి నుంచి బయటికి చదివితే: 6, 5, 4, ఆల్ఫా, బీటా, ఈటా, గామా, డెల్టా, ఎప్సిలాన్. అంకెలేమిటి, మధ్యలో గ్రీకు అక్షరాలేమిటి, ఆ వరస ఏమిటి అనిపిస్తుంది. గ్రీకు అక్షరాలు ఇలియట్ బృందానివి, అంకెలు పెర్త్‌లో చూసినవాళ్ళవి. ఇద్దరూ ఎవరి పేర్లు వాళ్ళు పెట్టుకున్నారు, తర్వాత రెండూ కలిసిపోయాయి. కావలూరు పెట్టిన పేరు ఆ వరసలో లేదు. ఉపగ్రహమనుకున్నారు కాబట్టి వలయానికి పేరు పెట్టే అవసరం వాళ్ళకు రాలేదు.

బాప్పు 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1982 ఆగస్టులో మ్యూనిక్‌లో చనిపోయాడు, అప్పటికి వయసు 55. కావలూరులో ఆయన కలగన్న 2.34 మీటర్ల పెద్ద టెలిస్కోపు 1986 జనవరి 6న మొదలైంది. దానికి ఆయన పేరే పెట్టారు. సరిగ్గా 18 రోజుల తర్వాత వాయేజర్ యురేనస్ దగ్గరికి చేరింది. ఆయన చార్టు కాగితం మీద గీతలుగా చూసిన వలయాలు మొదటిసారి దగ్గర్నుంచి ఫొటోలుగా వచ్చాయి.

యురేనస్ సూర్యుణ్ణి ఒక్కసారి చుట్టిరావడానికి 84 ఏళ్ళు పడుతుంది. వలయాలు దొరికిన తర్వాత అది ఇంకా ఒక్క చుట్టు కూడా పూర్తి చేయలేదు. 1977 మార్చిలో ఉన్న చోటికి, తులారాశిలోకి, మళ్ళీ వచ్చేది 2061లో. ఆ మసక చుక్క అక్కడే ఉంటుంది. ఈలోపు యురేనస్ వేరే చుక్కల్ని కప్పుతూనే ఉంటుంది, వలయాల నీడలు ఏదో ఒక ఊరి మీదుగా పోతూనే ఉంటాయి. వాటిలో కొన్ని మళ్ళీ కడప మీదుగానూ పోవచ్చు.